కమ్యూనిటీ కాలేజీల్లో టెక్నాలజీ: కొనడానికి డబ్బుంది, నడపడానికి లేదు

2020 మార్చి 3న కాలిఫోర్నియాలో ఫుట్‌హిల్, డి ఆన్జా అనే కమ్యూనిటీ కాలేజీల (రెండేళ్ల చదువు చెప్పే ప్రభుత్వ కాలేజీల) పరిధిలోని ఓటర్లు రెండు ప్రతిపాదనల మీద ఓటేశారు. మెజర్ జి అనేది 89.8 కోట్ల డాలర్ల బాండ్లకు సంబంధించింది. భవనాలు, ల్యాబులు, కంప్యూటర్ వ్యవస్థల కోసం ఆ అప్పు. మెజర్ హెచ్ మాత్రం ఒక్కో స్థలం మీద ఏడాదికి 48 డాలర్ల పన్ను వేసి, టీచర్లను నిలుపుకోవడానికి, విద్యార్థుల అవసరాలు చూడడానికి అడిగింది. జి గెలిచింది, హెచ్ ఓడిపోయింది. అక్కడి చట్టం ప్రకారం ఇలాంటి బాండ్లకు 55 శాతం ఓట్లు చాలు, ఆ పన్నుకు మాత్రం మూడింట రెండు వంతులు కావాలి. ఇంకో రెండు మూడు వారాలకే కోవిడ్ వల్ల పాఠాలన్నీ ఆన్‌లైన్‌కు మారాయి.

సిలికాన్ వ్యాలీ నడిబొడ్డున ఉన్న కాలేజీలివి. హైస్కూల్లో ఉండగానే డి ఆన్జాలో ఒకటో రెండో కోర్సులు చేసే పిల్లలు అక్కడి తెలుగు ఇళ్లలోనూ ఉన్నారు. కంప్యూటర్ల పుట్టిల్లు లాంటి చోటే వస్తువుకు దొరికిన డబ్బు మనిషికి దొరకలేదంటే, మిగతా అమెరికా సంగతి ఊహించుకోవచ్చు. అయితే ఇది ఆ ఒక్క రోజు ఓటింగ్‌తో వచ్చిన చిక్కు కాదు. దీని వెనక చాలా ఏళ్ల చరిత్ర ఉంది.

మొదటి ప్రభుత్వ కమ్యూనిటీ కాలేజీ 1901లో ఇల్లినాయ్ రాష్ట్రంలోని జోలియెట్‌లో మొదలైంది. రెండేళ్ల చదువు, తక్కువ ఫీజు, చదువుకుంటానని వచ్చిన వాళ్లకు తలుపులు తెరిచి ఉంచడం వీటి పద్ధతి. అధ్యక్షుడు ట్రూమన్ వేసిన కమిషన్ 1947లో ఇలాంటివి దేశమంతా పెట్టాలంది. 1960లలో దాదాపు వారానికొకటి చొప్పున పుట్టుకొచ్చాయి. కాంక్రీటుతో గబగబా లేపిన ఆ భవనాలు ఇంటర్నెట్ ఊహలో కూడా లేని కాలానివి.

కంప్యూటర్ పాఠాలను పరీక్షించి చూడడానికి మాత్రం ఈ కాలేజీలను తొలిరోజుల్లోనే ఎంచుకున్నారు. ఇల్లినాయ్ యూనివర్సిటీలో 1960లో మొదలైన, కంప్యూటర్ తెర మీద పాఠాలు చెప్పే ప్లేటో వ్యవస్థ టెర్మినళ్లను 1970లలో పార్క్‌లాండ్ కాలేజీలోనూ షికాగో నగర కాలేజీల్లోనూ పెట్టారు. మైటర్ సంస్థ తయారుచేసిన అలాంటిదే మరో వ్యవస్థ, టిక్కిట్ (TICCIT), ఫీనిక్స్ కాలేజీకి, వర్జీనియాలోని నార్తర్న్ వర్జీనియా కమ్యూనిటీ కాలేజీకి వెళ్లింది. రెంటికీ కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ సైన్స్ ఫౌండేషన్ డబ్బు పెట్టింది. తర్వాత జరిగిన మూల్యాంకనంలో టిక్కిట్ గురించి తేలిన విషయం ఈనాటికీ చదవదగ్గది. కోర్సు పూర్తిచేసిన వాళ్లు బాగానే నేర్చుకున్నారు, కానీ మామూలు క్లాసులతో పోలిస్తే పూర్తిచేసిన వాళ్లే బాగా తక్కువ. టీచర్ వెంట ఉండి పట్టించుకున్న చోట ఆ నష్టం తగ్గింది. అంటే యంత్రం పక్కన మనిషి కావాలన్న సంగతి అప్పటికే తేలిపోయింది.

1990లలో ఇంటర్నెట్ వచ్చాక ఈ కాలేజీలు రెండు పెద్ద ఏర్పాట్ల మధ్య సందులో పడ్డాయి. 1996లో 34 యూనివర్సిటీలు కలిసి పరిశోధన కోసం ఇంటర్నెట్2 అనే వేగవంతమైన నెట్‌వర్క్ మొదలుపెట్టాయి. అదే ఏడాది వచ్చిన టెలికాం చట్టం స్కూళ్లకు, లైబ్రరీలకు ఇంటర్నెట్ ఖర్చులో పెద్ద రాయితీ ఇచ్చింది. ఈ-రేట్ అని పిలిచే ఆ పథకానికి మొదట్లో ఏడాదికి 225 కోట్ల డాలర్ల దాకా కేటాయించారు. కమ్యూనిటీ కాలేజీ స్కూలు కిందికి రాదు కాబట్టి ఆ రాయితీ లేదు. పరిశోధన చేసే యూనివర్సిటీ కాదు కాబట్టి ఆ వరసలోనూ ముందు చోటు లేదు. కాలిఫోర్నియా కొంత నయం. 1997లో యూనివర్సిటీలు కలిసి పెట్టుకున్న సెనిక్ నెట్‌వర్క్ మీదికి తర్వాత కమ్యూనిటీ కాలేజీలు కూడా వచ్చాయి.

ఇక డబ్బు దగ్గరికి వద్దాం. అసలు ముడి ఇక్కడే ఉంది. 1978లో ఓటర్లు ఆమోదించిన ప్రొపొజిషన్ 13 కాలిఫోర్నియాలో ఆస్తి పన్నుకు కళ్లెం వేసింది. మూడింట రెండు వంతుల ఓట్లు వస్తే తప్ప స్థానికంగా ప్రత్యేక పన్ను వేసుకునే దారి లేకుండా పోయింది. 2000లో ప్రొపొజిషన్ 39 ఒక కిటికీ తెరిచింది: విద్యాసంస్థల బాండ్లకు 55 శాతం ఓట్లు చాలు, కానీ ఆ డబ్బులోంచి జీతాలు, రోజువారీ ఖర్చులు పెట్టకూడదు. ప్రజల సొమ్ము దారిమళ్లకుండా పెట్టిన ఆ షరతు సబబైనదే. అయితే సర్వర్ కొనొచ్చు, దాన్ని చూసుకునే సిస్టమ్స్ ఉద్యోగికి జీతం ఇవ్వలేరు. వైఫై పెట్టొచ్చు, రాత్రి క్లాసులో అది ఆగిపోతే ఫోన్ ఎత్తే మనిషిని పెట్టలేరు.

కేంద్ర సాయం కూడా విడతల వారీగానే వచ్చింది. 2009 జులైలో ఒబామా మిషిగన్‌లోని మకూంబ్ కమ్యూనిటీ కాలేజీలో నిలబడి 1,200 కోట్ల డాలర్ల పథకం ప్రకటించారు. అందులో 250 కోట్లు భవనాల బాగుకు, 50 కోట్లు ఆన్‌లైన్ కోర్సులకు. మరుసటి ఏడాది చట్టసభల బేరసారాల్లో అది నాలుగేళ్లకు 200 కోట్లకు కుదించుకుపోయింది, అదీ ఉద్యోగ శిక్షణ పేరు మీద. ఆ గ్రాంట్లతో తయారైన పాఠ్యసామగ్రిని ఎవరైనా ఉచితంగా వాడుకునేలా లైసెన్స్ ఇవ్వాలన్న షరతు మాత్రం మెచ్చుకోదగ్గది.

కోవిడ్ సాయంలో జరిగిన అన్యాయం నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. 2020 మార్చి నాటి కేర్స్ చట్టం విద్యార్థులను తలల లెక్కన కాక, పూర్తికాల విద్యార్థి లెక్కన కొలిచింది. సగం సగం కోర్సులు చదివే ఇద్దరు కలిస్తే ఒక్కరన్నమాట. కమ్యూనిటీ కాలేజీల్లో ఎక్కువ మంది పగలు ఉద్యోగం చేసుకుంటూ అలా చదివేవాళ్లే. కానీ ఆ ఇద్దరికీ సగం ల్యాప్‌టాప్ ఇస్తే సరిపోదు కదా! ఇంట్లో ఇంటర్నెట్ లేనివాళ్లు కాలేజీ పార్కింగ్ స్థలంలో కారు ఆపుకుని వైఫై పట్టుకుని పాఠాలు విన్నారు. డిసెంబర్‌లో వచ్చిన రెండో చట్టం తలల లెక్కను కూడా చేర్చి ఆ తప్పును కొంత దిద్దింది.

ఆన్‌లైన్ పెరిగాక కొత్త తలనొప్పి మొదలైంది. ముఖం చూపించకుండా చేరే వీలుంది కాబట్టి, దొంగ పేర్లతో బాట్లు (మనుషుల్లా నటించే ప్రోగ్రాములు) క్లాసుల్లో చేరి ఆర్థిక సాయం కాజేయడం కాలిఫోర్నియా కాలేజీల్లో పెద్ద సమస్యగా మారింది. సీట్లు నిండిపోయి అసలు విద్యార్థి వెయిటింగ్ లిస్టులో మిగులుతున్నాడు. సాఫ్ట్‌వేర్ అనుమానం వ్యక్తం చేయగలదు గానీ, అవతల ఉన్నది నిజమైన విద్యార్థా కాదా అని తేల్చాల్సింది ఉద్యోగులే.

ఈలోగా కోవిడ్ నిధులు అయిపోయాయి. ఇంటర్నెట్ బిల్లులో నెలకు 30 డాలర్ల దాకా తగ్గించిన కేంద్ర పథకం 2024 జూన్ 1న ఆగిపోయింది. పెల్ గ్రాంట్ (తక్కువ ఆదాయం ఉన్న విద్యార్థులకు కేంద్రం ఇచ్చే సాయం) తీసుకునే వాళ్లకు అది వర్తించేది. కంప్యూటర్ వాడకం నేర్పే పనులకూ ఉపయోగపడేలా 2021 చట్టం కేటాయించిన 275 కోట్ల డాలర్ల డిజిటల్ ఈక్విటీ పథకాన్ని 2025 మేలో ట్రంప్ ప్రభుత్వం రద్దు చేసింది. 2020, 2021లలో హడావిడిగా కొన్న ల్యాప్‌టాప్‌లు ఇప్పుడు మార్చాల్సిన వయసుకు వచ్చాయి. వాటి స్థానంలో కొత్తవి ఏ పద్దు కింద కొనాలో, వాటిని చూసుకునే ఉద్యోగిని ఏ పద్దు కింద పెట్టుకోవాలో ఒక్కో కాలేజీ తన బడ్జెట్‌లోనే వెతుక్కోవాల్సి వస్తోంది.