సమేరియం సంయోజకత రెండా, మూడా?

"సమేరియం హెక్సాబోరైడ్‌లో సమేరియం సంయోజకత దాదాపు 2.6 అని చదివాను. అచ్చుతప్పా?" అని ఒక పాఠకుడు అడిగారు. అచ్చుతప్పు కాదండీ. (సమేరియం ఒక లోహ మూలకం, అది బోరాన్‌తో కలిస్తే వచ్చేదే ఈ హెక్సాబోరైడ్.) అయినా ఆ అనుమానం రావాల్సిందే. క్లాసులో సంయోజకత (ఒక పరమాణువు బంధాలకు ఎన్ని ఎలక్ట్రాన్లు వాడుతుందనే లెక్క) అంటే ఒకటి, రెండు, మూడు అని పట్టిక బట్టీ పట్టిస్తాం, దశాంశం ఊసే ఎత్తం.

ఒకే బల్బులో ఎరుపు, ఆకుపచ్చ మార్చి మార్చి సెకనుకు వెయ్యిసార్లు వెలుగుతున్నాయనుకోండి. కంటికి కనిపించేది పసుపు. అక్కడ పసుపు లేనే లేదు! మంచి వేగమున్న కెమెరాతో వంద ఫొటోలు తీస్తే ఒక్కదాంట్లోనూ పసుపు రాదు. నలభైలో ఎరుపు, అరవైలో ఆకుపచ్చ వస్తాయి.

సమేరియం సంగతీ ఇలాంటిదే. దాని పరమాణువు లోపలివైపున్న 4ఎఫ్ అనే కక్ష్యల్లో ఆరు ఎలక్ట్రాన్లుంటే సంయోజకత రెండు (మన ఎరుపు), ఐదుంటే మూడు (ఆకుపచ్చ). ఈ రెండు స్థితుల మధ్య ఊగిసలాటకు పట్టే సమయం సుమారు సెకనులో పది లక్షల కోట్ల వంతు. గామా కిరణాలతో పరమాణు కేంద్రకాన్ని పరీక్షించే మాస్‌బౌవర్ పద్ధతి నానోసెకన్లు (సెకనులో వంద కోట్ల వంతులు) తీసుకుంటుంది కాబట్టి దానికి మన కంటిలాగే పసుపే కనిపిస్తుంది: రెంటికీ మధ్యలో ఒకే ఒక గీత. కిరణంతో ఎలక్ట్రాన్‌ను బయటికి రప్పించే ఫోటోఎమిషన్ పద్ధతి ఆ ఊగిసలాటకన్నా కనీసం వందరెట్లు వేగం. అదే మన కెమెరా.

శక్తి తెలిసిన ఎక్స్-కిరణంతో (అల్యూమినియం నుంచి వచ్చేదైతే 1486.6 ఎలక్ట్రాన్ వోల్టులు) ఎలక్ట్రాన్‌ను బయటికి తన్ని, అది ఎంత వేగంతో వచ్చిందో కొలుస్తారు. మిగతాదంతా 1905 నాటి ఐన్‌స్టీన్ తీసివేత లెక్క: కిరణం శక్తిలోంచి ఎలక్ట్రాన్ శక్తిని తీసేస్తే అది లోపల ఎంత లోతున ఉండేదో తెలుస్తుంది. వచ్చిన గ్రాఫులో రెండు గుంపులు విడివిడిగా కనిపిస్తాయి. ఒకటి ఫెర్మి మట్టాన్ని (లోపల ఎలక్ట్రాన్లు నిండిన శక్తి మట్టాల పై అంచును) ఆనుకుని, సన్నటి దువ్వెన పళ్లలా ఉంటుంది. అది సంయోజకత రెండున్న పరమాణువులది. ఇంకొకటి లోతుగా, సుమారు 5 నుంచి 12 ఎలక్ట్రాన్ వోల్టుల దాకా పరుచుకుని ఉంటుంది. అది మూడు. గుంపుల వైశాల్యాల నిష్పత్తి నుంచి ఆ 2.6 తేలుతుంది. మొదటిసారి ఆ గ్రాఫు చూసినప్పుడు నాకు ఒళ్లు పులకరించింది.

బల్బు పోలిక రెండుచోట్ల చాలదు. ఫొటోలో పడేది ఒక ఎలక్ట్రాన్ పోయాక మిగిలిన పరమాణువు. ఆరున్నది ఐదుగా, ఐదున్నది నాలుగుగా కనిపిస్తుంది. ఆ దువ్వెన పళ్లు మిగిలిన ఐదు ఎలక్ట్రాన్లు సర్దుకునే రకరకాల తీరులు. పైగా పరమాణువు స్విచ్చు వేసి తీసినట్టు మారదు. క్వాంటమ్ లెక్కలో అది రెండు స్థితుల మిశ్రమం. ఎలక్ట్రాన్‌ను లాగినప్పుడే ఏదో ఒకటి తేలుతుంది.

అసలు టెన్షన్ ఉపరితలంతో. బయటికి రాగలిగేవి పైనున్న కొద్ది పొరల ఎలక్ట్రాన్లే. శుద్ధ సమేరియం లోహాన్నే చూడండి: లోపల సంయోజకత మూడు, పై పొరలో రెండు! పై పొరను చూసి లోపలి సంగతి చెప్పేస్తే పప్పులో కాలేసినట్టే. అందుకే సింక్రోట్రాన్లలో (తీవ్రమైన ఎక్స్-కిరణాలిచ్చే భారీ యంత్రాల్లో) ఆరేడు వేల ఎలక్ట్రాన్ వోల్టుల కిరణాలతో మరింత లోతునుంచి ఎలక్ట్రాన్లను రప్పిస్తున్నారు. తక్కువ శక్తితో చూడాలంటే స్ఫటికాన్ని శూన్యంలోనే విరిచి తాజా ముఖాన్ని బయటపెట్టాలి. వాతావరణ పీడనంలో పది లక్షల కోట్ల వంతే గాలి మిగిలిన ఆ శూన్యంలో కూడా కొన్ని గంటల్లో ముఖం మీద వాయువు పొర కట్టేస్తుంది. కొలత ఆలోపే ముగించాలి.