పియర్‌మెయిన్: ఆపిల్ పేరులోకి బేరికాయ ఎలా వచ్చింది?

అక్టోబరు వచ్చిందంటే ఇంగ్లండ్‌లో ఆపిల్ ముచ్చట్లు మొదలవుతాయి. 1990లో కామన్ గ్రౌండ్ అనే సంస్థ లండన్‌లోని కోవెంట్ గార్డెన్‌లో ప్రారంభించిన ఆపిల్ డే అక్టోబరు 21న. దాంతోపాటే ఓ పాత పేచీ కూడా పైకి తేలుతుంది. పియర్‌మెయిన్ అనేది కొన్ని ఆపిల్ రకాల పేరు. పియర్ అంటే బేరికాయ కదా, ఆపిల్‌కి ఆ పేరెందుకు? బేరికాయ నుంచే ఆ మాట పుట్టిందని ఒక పక్షం అంటుంది, కాదన్నది నా వాదన. పియర్‌మెయిన్ అన్నది అరుదైన ఇంటిపేరు కూడా. ఆ పేరున్నవాళ్లకు ఇది కాయ గొడవ కాదు, తాతముత్తాతల గొడవ.

జాన్ రాజు కాలంలో, అంటే 1200 దాటిన కొత్తలో, నార్ఫోక్‌లో ఒక భూస్వామి ఏటా 200 పియర్‌మెయిన్ కాయలు, వాటితో చేసిన నాలుగు పీపాల మద్యం రాజుగారి ఖజానాకు శిస్తుగా కట్టేవాడట. ఈ కథ ఎక్కడ చూసినా కనిపిస్తుంది, వదిలేద్దాం. ఇప్పటి పేచీకి మూలం దాదాపు నాలుగు వందల ఏళ్ల తర్వాత ఉంది.

పాత ఫ్రెంచిలో ఈ మాట పార్‌మెయిన్, పెర్‌మెయిన్. ఇటలీలోని పార్మా ఊరి పేరు మీద వచ్చి ఉంటుందని నిఘంటువులు చెప్పే మాట. మనకు ఇది వింతేం కాదు. బంగినపల్లి అంటే ఊరా, పండా అని మనల్ని ఎవరైనా అడుగుతారా? ఈ మాటను మొదట్లో ఒక రకం బేరికాయకు కూడా వాడారన్నది నిజమే, అవతలి పక్షానికి ఉన్న గట్టి ఆధారం అదే. కానీ కాయ బేరికాయ అయినంత మాత్రాన మాట కూడా బేరికాయ నుంచే పుట్టాలని లేదు.

అసలు మలుపు స్పెల్లింగ్‌లో ఉంది. 1597లో అచ్చయిన జాన్ జెరార్డ్ అనే ఆంగ్లేయుడి మూలికల గ్రంథంలో వేసవి పియర్‌మెయిన్, చలికాలపు పియర్‌మెయిన్ బొమ్మలతో సహా ఉన్నాయి. అక్కడ పేరు మొదట్లో ‘పార్’ లేదు, ‘పియర్’ ఉంది. అర్థం తెలియని మాట నోట్లో పడితే జనం దాన్ని తెలిసిన మాటలోకి ఒదిగించేస్తారు. హాస్పిటల్‌ని మనం ఆసుపత్రి చేసుకున్నాం, అందులో పత్రి కనిపిస్తోందని వైద్యానికి ఆకులే మూలం అనలేం కదా. అచ్చులోకి ఎక్కిన ఆ రూపమే చివరికి నిలిచింది.

19వ శతాబ్దంలో రాబర్ట్ హాగ్ అనే ఆపిల్ పండితుడు దీనికి లాటిన్ రంగు కూడా పూశాడు. కరోలస్ మాగ్నస్ అనే చక్రవర్తి లాటిన్ పేరు షార్లమేన్ అయినట్టే, ‘పెద్ద బేరి’ అనే అర్థమున్న పైరస్ మాగ్నస్ పియర్‌మెయిన్ అయిందన్నాడు. వినడానికి బాగుంది, అంతే.

పోనీ, ఆకారం చూద్దామా? వూస్టర్ పియర్‌మెయిన్ చేతిలోకి తీసుకుంటే కాస్త కోసుగా, కింది కన్ను (పువ్వు రాలిన చోటు) వైపు సన్నబడుతూ ఉంటుంది. చెట్టు మీదే పండితే కొరికినప్పుడు స్ట్రాబెర్రీ వాసన వేస్తుంది. బేరికాయ వర్గం చూపించేది ఇలాంటి కాయల్నే. అమెరికాలోని బ్లూ పియర్‌మెయిన్ ఊసు మాత్రం ఎత్తరు. అది గుండ్రంగా, లావుగా, పైన నీలం బూడిద చల్లినట్టు ఉంటుంది. బేరికాయ పోలికే లేదు.

ఇంటిపేరుదీ అదే దారి. 1538 నుంచి చర్చి రిజిస్టర్లు తప్పనిసరి అయ్యాయి. గుమాస్తా చెవికి ఎలా వినబడితే అలా రాశాడు. మన దగ్గర హెడ్‌మాస్టారు టీసీలో రాసిందే ఇంటిపేరుగా స్థిరపడలేదూ! పక్కనే పియర్‌మన్ అనే ఇంకో ఇంటిపేరుంది, దానికి బేరికాయలు పండించేవాడు లేదా అమ్మేవాడు అని అర్థం చెబుతారు. రెండూ ఒకేలా కనిపించేసరికి పియర్‌మెయిన్ వాళ్లకూ బేరికాయల బుట్ట తగిలించేశారు. వాళ్ల పూర్వీకులకు పియర్‌మెయిన్ కాయ వల్లే పేరొచ్చిందనుకున్నా, ఆ కాయ పేరు బేరి నుంచి వచ్చింది కాదు.

మనవైపు కూడా ఈ వంశం ఉంది. కెంట్‌లోని ఈస్ట్ మాలింగ్‌లో వూస్టర్ పియర్‌మెయిన్‌ని మెకింటాష్ అనే ఇంకో ఆపిల్‌తో కలిపి తీసిన రకం హిమాచల్ తోటల్లో పండుతుంది. జులైలో సిమ్లా మండీలకు ముందుగా దిగే పెట్టెల్లో అదీ ఉంటుంది. దాని పూర్తి పేరు టైడ్‌మన్స్ ఎర్లీ వూస్టర్. పేచీ తెచ్చిపెట్టిన పియర్‌మెయిన్ ముక్క అందులో లేదు. మండీలో అయితే వూస్టర్ కూడా అనరు, ఉత్త టైడ్‌మన్.