మేత పెరిగింది, బలం తగ్గింది

"గాలిలో కార్బన్ డయాక్సైడ్ ఎక్కువైతే గడ్డి ఇంకా ఏపుగా పెరుగుతుంది కదా, పశువులకి పండగే కదా, మరి ఈ గోలంతా ఎందుకు?" అని ఒకాయన అడిగారు. మంచి ప్రశ్న, పైగా సగం నిజం. పారిశ్రామిక యుగానికి ముందు గాలిలో పది లక్షల వంతుల్లో 280 వంతులున్న ఈ వాయువు ఇప్పుడు 420 దాటింది, దానివల్ల చాలా మొక్కలు నిజంగానే ఎక్కువ పెరుగుతాయి. కిరణజన్య సంయోగక్రియ స్కూల్లో అందరం బట్టీ పట్టిందే, వదిలేద్దాం.

గొడవేంటంటే పెరిగేది ఎక్కువగా పిండిపదార్థమూ పీచూ, ప్రోటీన్‌కి ముడిసరుకైన నత్రజని ఆ వేగాన్ని అందుకోలేదు. ఆకులో కార్బన్‌ని పట్టే ఎంజైమ్ పేరు రూబిస్కో. వరి, గోధుమ, చల్లటి చోట్ల పెరిగే గడ్డి, ఇలాంటి సి-3 మొక్కల ఆకుల్లో ఉండే నత్రజనిలో సుమారు పావు వంతు దీన్లోనే ఉంటుంది. కార్బన్ తేలిగ్గా దొరుకుతుంటే అంత ఎంజైమ్ ఎందుకని మొక్క తగ్గించేసుకుంటుంది. ఆకు రంధ్రాలు కూడా కాస్త మూసుకుంటాయి, వేర్లు లాగే నీళ్ళు తగ్గుతాయి, ఆ నీళ్ళతో వచ్చే నైట్రేటూ, అంటే నేలలోంచి వచ్చే నత్రజనీ, తగ్గుతుంది.

పోన్లే, ఆవు ఇంకో నాలుగు నోళ్ళ మేత ఎక్కువ మేస్తే సరిపోదా అంటే, సరిపోదు. ఎందుకంటే పీచుని అరిగించేది ఆవు కాదు! దాని పెద్ద పొట్టలో, అంటే రూమెన్‌లో, కోట్లకి కోట్ల సూక్ష్మజీవులున్నాయి, వాటిని గోడ పగలగొట్టే కూలీలనుకోండి. గోడ అంటే పీచు. నత్రజని అంటే కూలీల తిండి. లారీలకి లారీలు గోడలు దింపి కూలీలకి తిండి పెట్టకపోతే ఏమవుతుంది? పని మందగిస్తుంది, పగలని గోడలు లోపలే పేరుకుంటాయి, గేటు దగ్గర జామ్, కొత్త లారీకి చోటుండదు. అచ్చం ఇదే జరుగుతుంది, మేతలో ప్రోటీన్ సుమారు 7 శాతం కంటే కిందికి పడిపోతే ఆవు ఎక్కువ తినడం కాదు, ఉన్న మేతే తగ్గించేస్తుంది. పొట్ట నిండుగా కనిపిస్తుంది, ఒళ్ళు చిక్కిపోతుంది, ఎవరి కన్నో పడిందంటారు. (ఇంకో తమాషా, ఈ కూలీలు కిందికి జారాక ఆవు వాళ్ళనే అరిగించుకుంటుంది, దాని ప్రోటీన్‌లో ఎక్కువ భాగం అదే, ఇక్కడ నా పోలిక చెడిపోయింది, క్షమించండి.)

నాకు బాగా నచ్చిన సాక్ష్యం పేడ. అమెరికాలో 22 ఏళ్ళపాటు పోగైన 36 వేలకు పైగా పేడ పరీక్షల ఫలితాలు చూస్తే, పశువులు తింటున్న మేతలో ప్రోటీన్ తగ్గుతూ వచ్చిందని తేలింది. కారణం ఒక్క కార్బన్ డయాక్సైడేనని అనలేం, కానీ పేడకి అబద్ధం చెప్పాల్సిన పనేముంది?

ఇక ఎండ. వేడికి మొక్క తొందరగా ముదురుతుంది, ఆకు తగ్గి కాడ పెరుగుతుంది, కాడలో లిగ్నిన్ అనే గట్టి పదార్థం పేరుకుంటుంది. మన గోడ కాంక్రీట్ గోడైపోయిందన్నమాట, ఆక్సిజన్ లేని రూమెన్‌లో లిగ్నిన్‌ని విరగ్గొట్టడం కూలీల వల్ల దాదాపు కాదు. ఇలాంటి మేత మీద లీటరు పాలకి వచ్చే మీథేన్ కూడా ఎక్కువ, పీచు పులిసినప్పుడు వచ్చే హైడ్రోజన్‌ని వేరే జాతి జీవులు కార్బన్ డయాక్సైడ్‌తో కలిపి మీథేన్ చేస్తాయి, అది త్రేన్పుల్లో బయటికొచ్చి గాలిని ఇంకా వేడెక్కిస్తుంది, ఆ వేడికి మేత ఇంకా ముదురుతుంది.

ఈ నత్రజని కొరతకి ఆవు దగ్గరే ఒక జుగాడ్ ఉంది, మూత్రంలో పోవాల్సిన యూరియాలో (ఇదీ నత్రజనిదే) కొంత లాలాజలంతో తిరిగి పొట్టలోకి పంపి కూలీలకి పెడుతుంది. మనం చేసేదీ దాదాపు అదే. వంద కిలోల ఎండుగడ్డికి 4 కిలోల యూరియా నీళ్ళలో పూర్తిగా కరిగించి చల్లి, గాలి చొరకుండా మూడు వారాలు కప్పి ఉంచితే, పుట్టే అమ్మోనియా లిగ్నిన్ పట్టుని కొంత సడలిస్తుంది, మిగిలింది కూలీలకి తిండవుతుంది. కరగని యూరియా ఉండలు మిగిలితే మాత్రం విషమే.