పాటలు ఏరే ముందు

విజయవాడ, సత్యనారాయణపురం

చి. చిన్నికి, చి. బుజ్జికి అమ్మమ్మ ఆశీస్సులు. ఉభయకుశలోపరి.

వేసవిలో నా దగ్గర కాపీ చేసుకెళ్లిన పాటలతో గుంటూరులో మీ కంప్యూటర్ నిండిపోయిందనీ, ఒక్కో పాటా మూడేసి సార్లు వస్తోందనీ, అన్నీ ఒకేసారి తీసేస్తామనీ రాశారు. తీయాల్సిందే. తాతయ్య సీడీల నుంచి ఎక్కించారు, మామయ్య పెన్‌డ్రైవ్‌లో తెచ్చాడు, మీ అమ్మ ఫోన్లోంచి వేసింది. మూడు దారుల్లో వచ్చిన పాట మూడు చోట్ల చేరింది. కాకపోతే తీసే ముందు ఇది చదవండి.

అచ్చంగా ఒకే ఫైలు రెండు చోట్ల ఉంటే పని తేలిక. ఫైల్లో ఉన్నదంతా లెక్కగట్టి సాఫ్ట్‌వేర్ 'హాష్' అని ఒక గుర్తు తీస్తుంది. రెండిటికీ అదే హాష్ వస్తే ఒకటి నిశ్చింతగా తీసెయ్యండి. కానీ గాయకుడి పేరు ఫైల్లోనే ట్యాగ్‌గా ఉంటుంది. అందులో ఒక్క అక్షరం దిద్దినా హాష్ మారిపోతుంది, పాట మాత్రం అదే.

పోనీ పేర్లు చూసి ఏరదామా అంటే మన పాటలకు అది అసలు కుదరదు. 'శివ' అని ఇంగ్లీషు అక్షరాల్లో రాసేటప్పుడు ఒకరు హెచ్ పెడతారు, ఇంకొకరు పెట్టరు. 'రామ'కు ఒకరు ఒకే ఏ రాస్తారు, ఇంకొకరు రెండు. దానికంటే ప్రమాదం, ఒకే పేరుతో వేరు వేరు పాటలుండటం. త్యాగరాజస్వామి శ్రీరాగ కీర్తన 'ఎందరో మహానుభావులు' మన దగ్గర ఐదున్నాయి. అందులో ఒకే విద్వాంసుడివి రెండు: ఒకటి కచేరీలోది, ఒకటి రేడియోది. మన విజయవాడ రేడియో కేంద్రం 1948లో మొదలైంది, అందులో వచ్చే భక్తిరంజనితోనే మా ఇంట్లో తెల్లవారేది. ఆ రెండూ ఒకటేనని ఎవరన్నా నేను ఒప్పుకోను.

మ్యూజిక్‌బ్రెయిన్జ్ పికార్డ్ అని ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్ ఒకటుంది. అది ధ్వనికే వేలిముద్ర తీసి పాటను గుర్తుపడుతుంది. మామూలుగా మొదటి రెండు నిమిషాలే చూస్తుంది కనుక, చివర తెగిపోయిన పాట ఉందేమో మీరే నిడివి చూసుకోవాలి.

ఏది ఉంచాలి? కేబీపీఎస్ అంటే పాటలో సెకనుకు ఎంత సమాచారం పట్టించారో చెప్పే లెక్క. 128 కేబీపీఎస్ ఎంపీత్రీ నిమిషానికి సుమారు ఒక ఎంబీ, 320ది రెండున్నరకు దగ్గర. పెద్దదే మంచిదనుకోకండి. 128దాన్నే ఎవరో 320గా మార్చి ఉండొచ్చు. పల్చటి మజ్జిగను పెద్ద గిన్నెలో పోస్తే పెరుగవుతుందా? హెడ్‌ఫోన్స్ పెట్టుకుని తాళాలు మోగే చోట వినండి. నాసిరకం దాంట్లో ఆ మోత గణగణమనదు, నీళ్లలోంచి వచ్చినట్టు సుళ్లు తిరుగుతుంది.

ఇంతగా ఎందుకు చెబుతున్నానంటే, మా అమ్మ పాడిన మంగళహారతి ఒక క్యాసెట్‌లో ఉండేది. మధ్యలో గంట మోత, ఆవిడ ఒకసారి దగ్గి మళ్లీ ఎత్తుకోవడం అన్నీ వినిపించేవి. ఫైలుగా చేయించి పెన్‌డ్రైవ్‌లో పెట్టాను, పేరు మార్చలేదు, 'ట్రాక్ 01' అనే ఉంది. పేర్లు లేని సీడీల పాటలూ అలాగే 'ట్రాక్ 01' అని ఉన్నాయి. పేర్లు పోల్చే సాఫ్ట్‌వేర్ వాటన్నిటినీ ఒక్కటిగా చూపిస్తే, వినకుండా సరే అనేశాను. పెన్‌డ్రైవ్‌లోంచి తీసేస్తే రీసైకిల్ బిన్‌లోకి వెళ్లదని అప్పటికి నాకు తెలియదు. క్యాసెట్ టేపు బూజు పట్టి అంతకుముందే పోయింది. ఇప్పటికీ హారతి ఇచ్చేటప్పుడు ఆ దగ్గు గుర్తొస్తుంది.

అందుకని ముందు మొత్తం పాటలను వేరే డిస్కులోకి కాపీ చేయండి. అనుమానం ఉన్నవాటిని తీసెయ్యకుండా 'సందేహం' అని ఒక ఫోల్డర్లోకి మార్చండి. దసరాకు వచ్చేటప్పుడు ఆ డిస్కు పట్టుకురండి. అమ్మవారి దర్శనం చేసుకుని వచ్చాక కూర్చుని ఒక్కోటీ విందాం. ఆ ఐదు కీర్తనలూ మాత్రం ఎక్కడివక్కడే ఉండనివ్వండి.

ఇట్లు,
మీ అమ్మమ్మ