ప్రీహ్ విహార్ గొడవ ఎక్కడ మొదలైంది?

థాయిలాండ్, కాంబోడియా సైన్యాలు 2025 జులైలో ఐదు రోజుల పాటు కొట్టుకున్నాయి. పదుల సంఖ్యలో జనం చనిపోయారు, లక్షల మంది ఇళ్లు వదిలి పారిపోయారు. ఈ సరిహద్దు తగువుకి వందేళ్లు దాటాయి. ఎప్పుడు రగిలినా ముందు వినిపించే పేరు ఒక శివాలయానిది, ప్రీహ్ విహార్.

డాంగ్రెక్ కొండల్లో 525 మీటర్ల ఎత్తున, సరిగ్గా కొండ అంచు మీద ఉందీ గుడి. ఇప్పుడు కనిపించే కట్టడాల్లో ఎక్కువ భాగం 11, 12 శతాబ్దాల్లో కాంబోడియాని ఏలిన ఖ్మేర్ రాజులు మొదటి సూర్యవర్మ, రెండో సూర్యవర్మ కట్టించినవి. ఆంకోర్ వాట్ కట్టించింది కూడా ఈ రెండో సూర్యవర్మే. ఇక్కడి దేవుడు శిఖరేశ్వరుడు. శ్రీశైలం వెళ్లొచ్చిన మనకి ఆ పేరు కొత్త కాదు. మెట్లూ దారీ కలిపి 800 మీటర్లు, ఐదు గోపురాలు దాటుకుంటూ పైకెక్కాలి. ఒక గోపురం మీద వాసుకిని చెరోవైపు పట్టి లాగుతున్న దేవదానవులు ఇప్పటికీ కనిపిస్తారు. గర్భగుడి దాటితే నిట్టనిలువు లోయ, కింద కాంబోడియా మైదానం. ప్రధాన మెట్లు మాత్రం ఉత్తరాన, థాయిలాండ్ వైపు ఉన్నాయి.

కాంబోడియాని ఏలుతున్న ఫ్రాన్స్, సయాం (నేటి థాయిలాండ్) 1904లో ఒప్పందం చేసుకున్నాయి. కొండ మీద పడ్డ వాన ఎటు పారితే ఆ నేల అటు దేశానిది అని రాసుకున్నాయి. కానీ 1908లో సయాంకి అందిన ఫ్రెంచి మ్యాప్‌లో గుడి కాంబోడియా వైపు ఉంది. సయాం అభ్యంతరం చెప్పలేదు సరికదా, ఇంకొన్ని కాపీలు అడిగి తెప్పించుకుంది. 1930లో సయాం రాకుమారుడు దామ్‌రోంగ్ గుడి చూడటానికి వస్తే ఫ్రెంచి అధికారి తమ జెండా ఎగరేసి స్వాగతం పలికాడు. అప్పుడూ ఎవరూ నోరు మెదపలేదు.

1953లో కాంబోడియాకి స్వాతంత్ర్యం వచ్చింది. మరుసటి ఏడాదే థాయ్ బలగాలు కొండెక్కాయి. 1959లో కాంబోడియా అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళ్లింది. 1962 జూన్ 15న 9-3 తేడాతో గుడి కాంబోడియాదేనని తీర్పొచ్చింది. అన్నేళ్లు మ్యాప్‌ని ఒప్పుకుని ఇప్పుడు కాదంటే కుదరదన్నది కోర్టు మాట. వాన నిజంగా ఎటు పారుతుందో తేల్చాల్సిన అవసరమే లేదంది. న్యాయంగా చూస్తే అది సరైన తీర్పే అనుకుంటాను. థాయ్ జనానికి మాత్రం అది మింగుడు పడలేదు. గుడి ఇచ్చాం, చుట్టూ నేల ఇవ్వలేదని థాయ్ ప్రభుత్వం కంచె వేసింది.

మధ్యలో ఈ కొండ అంతకన్నా ఘోరం చూసింది. 1979లో ప్రాణాలు అరచేత పట్టుకుని వచ్చిన 40 వేల మందికి పైగా కాంబోడియా శరణార్థుల్ని థాయ్ సైన్యం ఇక్కడి నుంచే వెనక్కి తోసింది. కింద అంతా మందుపాతరలు. ఎంతోమంది అక్కడే ప్రాణాలు వదిలారు.

2008లో గుడికి యునెస్కో గుర్తింపు రాగానే చుట్టూ ఉన్న 4.6 చదరపు కిలోమీటర్ల కోసం మళ్లీ కాల్పులు మొదలయ్యాయి. 2011లో గుడి రాళ్లకీ దెబ్బలు తగిలాయి. గుడి ఉన్న కొండకొమ్ము మొత్తం కాంబోడియాదేనని 2013లో కోర్టు మరోసారి చెప్పింది. 2025లో తగువు తా మువెన్ థోమ్ లాంటి వేరే గుళ్ల మీదికి పాకింది. కాంబోడియా మళ్లీ కోర్టుకే పోదామంటోంది. ఆ కోర్టు అధికారాన్ని థాయిలాండ్ ఒప్పుకోవడం లేదు.