అమెరికా జైళ్లలో గ్రీవెన్స్: అపోహలు - వాస్తవాలు

అమెరికాలో ఖైదీల హక్కుల కేసులు చూసే వకీలుగా నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే: తగిలిన దెబ్బలు నిజం, వైద్యం అందకపోవడం నిజం, అయినా అసలు విషయం వినకుండానే కోర్టు కేసు కొట్టేస్తుంది. 1996 నాటి ప్రిజన్ లిటిగేషన్ రిఫార్మ్ యాక్ట్ ప్రకారం, జైలు పరిస్థితులపై ఫెడరల్ (కేంద్ర) చట్టం కింద కేసు వేయాలంటే ఖైదీ ముందు జైలు లోపలి గ్రీవెన్స్ (రాతపూర్వక ఫిర్యాదు) పద్ధతిని చివరి అప్పీలు దాకా పూర్తి చేయాలి.

అపోహ: గార్డు కొడితే ఫారాలెందుకు, నేరుగా కోర్టుకు వెళ్లొచ్చు.

వెళ్లడానికి లేదు. కొట్టిన కేసులకూ ఇదే నియమమని 2002లో సుప్రీంకోర్టు పోర్టర్ వర్సెస్ నస్లే కేసులో చెప్పింది. నష్టపరిహారం ఇచ్చే అధికారం జైలుకు లేకపోయినా గ్రీవెన్స్ వేయాల్సిందే.

అపోహ: కేసు వేయడానికి ఏళ్ల టైముంది, మంచి లాయర్ దొరికాక చూద్దాం.

కుటుంబాలు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. ఏళ్ల గడువు కోర్టుది, జైలు గడువు రోజుల్లో ఉంటుంది. ఫెడరల్ జైళ్లలో ఘటన జరిగిన 20 రోజుల్లో వార్డెన్‌కు ఫారం చేరాలి. ఆయన జవాబుపై రీజినల్ డైరెక్టర్‌కు అప్పీలు చేయడానికి 20 రోజులు, ఆ పైన జనరల్ కౌన్సెల్‌కు (ఫెడరల్ జైళ్ల శాఖ ముఖ్య న్యాయాధికారికి) 30 రోజులు. జవాబు గడువులోగా రాకపోతే తిరస్కరించినట్టే భావించి పై మెట్టుకు వెళ్లొచ్చు, ఊరికే ఎదురు చూడకూడదు. రాష్ట్ర జైళ్లకు, కౌంటీ జైళ్లకు వేరే గడువులుంటాయి. గడువు దాటాక వేసిన ఫిర్యాదు లెక్కలోకి రాదని 2006లో వుడ్‌ఫోర్డ్ తీర్పు తేల్చేసింది. తల్లిదండ్రులు బయటి నుంచి వార్డెన్‌కు రాసిన ఉత్తరం కూడా సాధారణంగా దీనికి బదులు కాదు. అందుకే లోపలి నుంచి మొదటి ఫోన్ రాగానే "గ్రీవెన్స్ రాశావా, కాపీ ఉంచుకున్నావా, తేదీ వేశావా?" అని అడగండి. అంతకు మించి కేసు వివరాలు ఫోన్లో మాట్లాడొద్దు, ఆ కాల్స్ రికార్డవుతాయి.

అపోహ: ఫారం ఇవ్వకపోయినా, బెదిరించి ఆపినా ఇక దారి లేనట్టే.

ఉంది. నిజంగా అందుబాటులో ఉన్న పద్ధతినే ఖైదీ పూర్తి చేయాలని 2016లో రాస్ వర్సెస్ బ్లేక్ తీర్పు చెప్పింది. అధికారులు బెదిరించో మోసగించో అడ్డుపడినా, ఎవరికీ అర్థంకానంత గజిబిజిగా ఉన్నా, ఎన్ని ఫారాలు వేసినా పరిష్కారం దొరకని వ్యవస్థ అయినా అది అందుబాటులో లేనట్టే. ఆ అడ్డుకున్న విషయమే అసలు కేసుతో ముడిపడి ఉంటే జ్యూరీ తేల్చాలని 2025లో పెర్టూ కేసులో తీర్పు వచ్చింది. ఫారం అడిగిన తేదీ, కాదన్న ఉద్యోగి పేరు రాసిపెట్టుకోవడం అందుకే ముఖ్యం.

అపోహ: శిక్ష పడనివాళ్లకు ఇది వర్తించదు.

నేరారోపణపై విచారణకు ఎదురు చూస్తున్నవారికీ వర్తిస్తుంది. విడుదలయ్యాక కేసు వేస్తే వర్తించదని చాలా కోర్టులు అంటున్నాయి. కేవలం వీసా, ఇమ్మిగ్రేషన్ కారణంతో నిర్బంధంలో ఉన్నవారు ఈ చట్టం కింద ఖైదీలు కారని కూడా కోర్టులు చెప్పాయి. కాబట్టి మీవాళ్లను ఏ కారణంతో లోపల ఉంచారో తెలిపే కాగితాన్ని మొదటి రోజే లాయర్‌కు చూపించండి. అయినా గ్రీవెన్స్ మాత్రం ఆపకండి.