ఒక్క వాక్యానికి నిషేధం: ఐరిష్ నవలల్లో కాన్వెంట్ పిల్లలు, చెప్పుకోలేని ప్రేమలు

మన ఊళ్ళలో కాన్వెంట్ అంటే పిల్లలు టై కట్టుకుని వెళ్ళే ఇంగ్లిష్ మీడియం బడి. నన్‌లు ఉన్నా లేకపోయినా ఆ పేరు అతుక్కుపోయింది. ఐర్లండ్‌లో కాన్వెంట్ అంటే అచ్చంగా నన్‌లు ఉండే మఠం, దాన్ని ఆనుకుని ఆడపిల్లల బడి, చాలాచోట్ల హాస్టల్. ఆడవాళ్ళు ఆడవాళ్ళను ప్రేమించిన కథలకోసం ఐరిష్ సాహిత్యంలో వెతుకుతూ పోతే, తరచూ తేలేది ఆ గేటు ముందే.

నవలా రచయిత్రి కేట్ ఓబ్రయన్ 1897లో ఐర్లండ్‌లోని లిమరిక్‌లో పుట్టారు. ఐదేళ్ళప్పుడు తల్లి పోయింది. అంత చిన్నపిల్లను అక్కలతోపాటు లారెల్ హిల్ కాన్వెంట్ హాస్టల్లో చేర్చారు. పెద్దయ్యాక మతాచారాలకు దూరమైనా, ఆ నన్‌ల క్రమశిక్షణనూ చదువునూ ఆవిడ ఏనాడూ తేలిక చెయ్యలేదు. ఆవిడ 1941లో రాసిన ‘ది ల్యాండ్ ఆఫ్ స్పైసెస్’లో కథానాయిక ఒక మదర్ సుపీరియర్, అంటే మఠం పెద్ద, పేరు హెలెన్. పద్దెనిమిదేళ్ళ వయసులో ఒకరోజు ఇంటికొచ్చేసరికి, తండ్రి ఒక కుర్రాడి కౌగిట్లో కనిపిస్తాడు. ఆ దెబ్బకు ఆమె మఠంలో చేరిపోతుంది. ఆ దృశ్యం మొత్తం ఒకే ఒక్క వాక్యం, అందులో బూతు మాట లేదు. అయినా 1929 చట్టం కింద ఏర్పడ్డ సెన్సార్‌షిప్ బోర్డు పుస్తకాన్ని నిషేధించింది. 1942లో సెనేట్‌లో దీనిమీద పెద్ద చర్చే జరిగింది, బోర్డే నెగ్గింది. నిషేధం 1949లో గానీ తొలగలేదు.

నిషేధం తెచ్చిపెట్టిన ఆ వాక్యం ఇద్దరు మగవాళ్ళది. ఆడవాళ్ళ విషయానికొస్తే చట్టం కూడా నోరు మెదపలేదు. బ్రిటిష్ కాలం నాటి 1861, 1885 చట్టాలు స్వలింగ సంబంధాల్లో మగవాళ్ళనే నేరస్థులను చేశాయి. అవి 1993 దాకా నడిచాయి. కేసుల్లేవు కదా, ఆడవాళ్ళు అదృష్టవంతులే అనిపిస్తుంది. కానీ తనకు జరుగుతున్నదానికి ఊళ్ళో ఎవరి నోటా ఒక పేరన్నా వినపడకపోతే ఆ పిల్ల ఎవరితో ఏమని చెప్పుకుంటుంది? మఠాల్లో మాత్రం ఒక మాట ఉండేది: ‘పర్టిక్యులర్ ఫ్రెండ్‌షిప్’. ఒక్కరితోనే మరీ చనువుగా ఉండకూడదని కొత్తగా చేరిన నన్‌లను హెచ్చరించేవారు. ఎందుకని అడిగితే జవాబు ఉండేది కాదు.

పేరు చెప్పింది పాపసంకీర్తన గది, ఫాదర్ దగ్గర పాపాలు ఒప్పుకునే చోటు. 1936లో వచ్చిన, అప్పుడే నిషేధమూ అయిన ఓబ్రయన్ నవల ‘మేరీ లావెల్’లో అగాథా అనే ఐరిష్ గవర్నెస్ (ఇంట్లో ఉండి పిల్లలకు చదువు చెప్పే ఆవిడ) స్పెయిన్‌లో తోటి గవర్నెస్ మేరీని ప్రేమిస్తుంది. ఆమె ఆ మాట ముందు మేరీతో కాదు, ఫాదర్‌తో చెప్పుకుంటుంది. ఇది చాలా పాతదీ, ఘోరమైనదీ అయిన పాపమని ఆయన చెబుతాడు. తన మనసుకు అగాథాకు దొరికిన మొదటి పేరు అదే.

ఇరవై రెండేళ్ళ తర్వాత, ‘యాజ్ మ్యూజిక్ అండ్ స్ప్లెండర్’లో ఓబ్రయన్ ఇదే ముడిని ఇంకోలా విప్పారు. క్లేర్, లూయిసా ఇటలీలో ఒపెరా గాయనులు, ప్రేమికులు. వేదికమీద ఒకరు ఓర్ఫియస్, ఇంకొకరు యూరిడిసీ, గ్రీకు పురాణంలోని భార్యాభర్తలు. క్లేర్‌ను ఇష్టపడ్డ మగవాడు ఈ సంబంధాన్ని తప్పుపడితే ఆమె దబాయించదు. చర్చి లెక్కలో నేను పాపినే, కానీ నీతో ఉన్నా పాపినే కదా అంటుంది. ఈ తర్కం నన్‌లు నేర్పిన క్యాటకిజంలోదే, అంటే మత పాఠాల్లోదే. నాకు ఈ పరంపరలో అన్నిటికన్నా నచ్చిన చోటు ఇది.

ఆ తర్వాత మాట బయటికొచ్చింది, పుస్తకాలకంటే ముందు టీవీలో. 1980లో జోనీ క్రోన్ అనే ఆవిడ ఐరిష్ టీవీ టాక్ షో ‘లేట్ లేట్ షో’లో కూర్చుని తాను లెస్బియన్‌నని చెప్పారు. 1985లో అదే షోకు లెస్బియన్ నన్‌ల అనుభవాలను పుస్తకంగా తెచ్చిన ఇద్దరు అమెరికన్ మాజీ నన్‌లు వస్తే, స్టూడియో బయట జనం జపమాలలతో నిరసనకు దిగారు. 1989లో మేరీ డోర్సీ కథల సంపుటి ‘ఎ నాయిస్ ఫ్రమ్ ద వుడ్‌షెడ్’ వచ్చింది. మరుసటి ఏడాది దానికి రూనీ ప్రైజ్ అనే ఐరిష్ సాహిత్య బహుమతి దక్కింది.

ఎమ్మా డోనహ్యూ నవల ‘హుడ్’ 1995లో వచ్చింది. కాన్వెంట్ బడిలో టీచర్ పెన్. తను చదువుకునే రోజుల నుంచీ ప్రేమించిన కారా రోడ్డు ప్రమాదంలో చనిపోతుంది. ఆ తర్వాతి వారం రోజులే నవల. భర్త పోతే సెలవు, ఓదార్పు, ముందు వరసలో కుర్చీ ఉంటాయి. పెన్ అందరికీ వట్టి ఫ్రెండే. అయినా చర్చి మీద ఆమెకు మమకారం పోలేదు, అదే చిత్రం. అసలు సంగతి తెలిస్తే ఉద్యోగం పోతుందన్న టెన్షన్ ఉత్తిది కాదు. 1982లో న్యూరాస్ పట్టణంలో ఒక కాన్వెంట్ బడి, పెళ్ళయి భార్యకు దూరంగా ఉంటున్న మనిషితో కాపురం చేస్తోందని ఒక టీచర్‌ను తీసేసింది. 1985లో హైకోర్టు కూడా బడినే సమర్థించింది. మతసంస్థల బడులకు అలాంటి వెసులుబాటు ఇచ్చిన చట్టాన్ని 2015 డిసెంబరులో గానీ సవరించలేదు. అదే ఏడాది మేలో స్వలింగ వివాహాలపై జరిగిన రెఫరెండంలో 62 శాతం మంది అనుకూలంగా ఓటేశారు.

నవల చివర్లో పెన్ వాళ్ళమ్మ ఇంటికి బయల్దేరుతుంది, ఆ ఒక్క మాట చెప్పడానికి.